మూయని డిస్కు

రికార్డు మాస్టారికి ముగింపు అంటే గిట్టదు. సినిమాకు వెళితే ఇంకో పది నిమిషాలుందనగా లేచి వచ్చేస్తారు. పేస్టుకు మూత పెట్టరు, పెన్నుకు క్యాపు పెట్టరు. ఫోన్లో "సరే, ఉంటాను మరి" అన్న తర్వాత ఇంకో పావుగంట మాట్లాడతారు. వీధి తలుపు కూడా పూర్తిగా వేయరు, ఓరగా వదిలేస్తారు. "మా ఆయన ఉత్తరం రాస్తే కింద సంతకం ఉండదు. ఇంకా ఏదో గుర్తొస్తుందని చోటు వదులుతారు. అది రాసిందెవరో అవతలివాళ్ళే కనుక్కోవాలి," అని ఆయన భార్య ముప్పై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది. ఆయన నవ్వుతారు తప్ప మారరు.

మనిషన్నాక ఏదో ఒక చాదస్తం ఉంటుందిలెమ్మని వీధంతా నవ్వి ఊరుకుంది. నవ్వి ఊరుకోవలసింది కాదని పన్నెండేళ్ళ తర్వాతగాని తెలియలేదు.

మాస్టారి గది రెండు మంచాలు పట్టేంత. గోడలకు కోడిగుడ్ల అట్టలు, తలుపుకు దళసరి కంబళి, మధ్యలో బల్ల, బల్ల మీద మైకు, పక్కన డిస్కులు రాసే యంత్రం. ఆ రోజుల్లో పాట నేర్చుకునే పిల్లలు, దుకాణాల ప్రకటనలు చదివేవాళ్ళు, దూరాన ఉన్న మనవడికి కథ చెప్పి పంపాలనుకునే తాతలు, అందరూ అక్కడికే వచ్చేవాళ్ళు. తోచినంతసేపు మాట్లాడి, మెరిసే డిస్కు చేత్తో పట్టుకుని, మురిసిపోతూ వెళ్ళేవాళ్ళు.

ఆ యంత్రానికి ఒక పద్ధతుంది. అంతా అయ్యాక చివర్న ఒక మీట నొక్కాలి. దాన్ని మాస్టారు 'డిస్కు మూయడం' అనేవారు. నొక్కితే డిస్కు లోపలి అంచున, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక పడుతుంది. పుస్తకానికి విషయసూచిక ఉంటుందే, అలాంటిది. అది ఉంటేనే బయటి ప్లేయర్లు ఆ డిస్కును చదువుతాయి. లేకపోతే లోపల గంటసేపటి మాటలున్నా సరే, "డిస్కు లేదు" అని చేతులెత్తేస్తాయి. అయితే ఒకసారి మూశాక మళ్ళీ ఒక్క మాట చేర్చడానికి వీలుండదు. మాస్టారికి చిక్కంతా ఇక్కడే. అరగంట మాట్లాడి వెళ్ళిన మనిషి డిస్కులో ఇంకో ముప్పావుగంట చోటు మిగిలి ఉంటే, దాన్ని మూసేయడానికి ఆయనకు చెయ్యి వచ్చేది కాదు. "రేపు ఇంకేదైనా గుర్తొస్తే పాపం ఎక్కడ చెప్పుకుంటారు?" అని తెరిచే వదిలేసేవారు. ఇంట్లో మోగలేదని మర్నాడే వాళ్ళు తిరిగొచ్చేవాళ్ళు. "ఇంకేమైనా చేర్చేదుందా? లేదా? సరే అయితే," అని దిగులుగా అప్పుడు మూసేవారు.

వెంటనే విన్నవాళ్ళకు ఇలా ఏ బాధా లేకపోయింది. వినకుండా బీరువాలో దాచుకున్నవాళ్ళ సంగతి వేరు. ఆ యంత్రం ఆరేళ్ళ కింద చెడిపోయి, విడిభాగాలు దొరక్క తుక్కులోకి పోయింది. ఆ తర్వాత ముగ్గురు మూగబోయిన డిస్కులు పట్టుకొచ్చారు. మాస్టారు వాటిని వెలుతురుకు ఎత్తి చూసి, "పాతబడిందండీ, వీటి ఆయుష్షు ఇంతే," అని చెప్పి పంపేశారు. లోపం తనదని ఆయనకు మొదటి డిస్కుతోనే తెలిసింది. మూడో మనిషికి వచ్చేసరికి ఆ అబద్ధం నాలుక మీద అరిగి నున్నబడింది. పైకి పెద్దమనిషి, మెత్తనివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అలాంటివాళ్ళ అబద్ధాలనే జనం తొందరగా నమ్ముతారు.

ఈ ఏడు ఎండలు మొదలైన రోజుల్లో, ఒక ఉదయం, మెడకు నూలు రుమాలు చుట్టుకున్న ఒకావిడ గదిలోకి వచ్చింది. ఆమెను ఆయన వెంటనే గుర్తుపట్టారు. పెద్దాసుపత్రిలో వరండా నిండా కూర్చున్న రోగులను ఒక్కొక్కరినీ పేరు పెట్టి డాక్టరు గదిలోకి పిలవడం ఆమె ఉద్యోగం. మైకు అక్కర్లేదు. ఆమె పిలిస్తే చివరి బెంచీ మీద కునికే ముసలాయన కూడా ఉలిక్కిపడి లేచేవాడు. అందరూ ఆమెను పిలుపులమ్మ అనేవాళ్ళు. ఆ గొంతుకే జబ్బు చేసింది. బతకాలంటే గొంతుపెట్టె తీసేయాలన్నారు. ఆపరేషనుకు ముందురోజు ఆమె ఈ గదికే వచ్చి, నాలుగేళ్ళ కూతురి కోసం మాట్లాడి, డిస్కు తీసుకుని వెళ్ళింది. తర్వాత మెడ కింది రంధ్రంతో ఊపిరి తీసుకుంటూ అదే ఆసుపత్రి ఫైళ్ళ గదిలో పని చేస్తోంది. గొంతుకు ఆనించుకుని మాట్లాడే పరికరం ఒకటిచ్చారు గానీ, అది గరగరమనగానే పిల్ల జడుసుకుని మంచం కింద దూరింది. ఆ రోజుతో దాన్ని అటక మీద పడేసింది. జనం కూడా మొహమాటపడి పిలుపులమ్మ అనడం మానేశారు. మానేస్తే ఆవిడ బాధ తగ్గుతుందనుకున్నారో ఏమో.

ఆమె సంచిలోంచి పలక తీసి రాసింది. "మా అమ్మాయికి పదహారు. నా గొంతు ఎలా ఉండేదో గుర్తు లేదట. మొన్న అడిగింది."

తర్వాత డిస్కు తీసి బల్ల మీద పెట్టింది. పైన మాస్టారి చేతిరాత, ఆనాటి తేదీ. ప్లేయర్లో పెట్టారు. అది రెండుసార్లు గిర్రున తిరిగి, కాస్త ఆలోచించి, "డిస్కు లేదు" అంది.

మాస్టారికి సంగతి తెలిసిపోయింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, అలవాటుగా నోటికొచ్చింది అనేశారు. "ఎక్కడైనా ఎండ తగిలిందా అమ్మా? ఎండ పడితే ఇవి పాడైపోతాయి."

ఆమె పలక తుడిచింది. తర్వాత చిన్న అక్షరాలతో, పలక పట్టనంత రాసింది. "పాపకు ఏడేళ్ళప్పుడు ఒకసారి పెట్టాను. మోగలేదు. అప్పటిదాకా కిటికీ పక్క అరలో ఉంది. అక్కడ పెట్టింది నేనే. నేనే పాడుచేశానని అప్పుడే అనుకున్నాను. మీ దగ్గరికి రావడానికి ముఖం చెల్లలేదు." రాసి, కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తుంటే చప్పుడు లేదు. రుమాలు మాత్రం గాలికి కదిలినట్టు కదులుతోంది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచారు కూడా. తెరిచి నీళ్ళు నమిలి, "ఉంచి వెళ్ళండమ్మా. ఏదైనా దారుందేమో చూస్తాను," అన్నారు.

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో కంబళి తొలగింది. దాని సందులోంచి పలక మీది రాతంతా చదివేసిన మాస్టారి భార్య నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఎండేమిటండీ? ఎక్కడి ఎండ?"

"ఏదో నోటికొచ్చిందే."

"మీ నోటికి రావడానికి అదొక్కటే దొరికిందా? ఆవిడ తొమ్మిదేళ్ళుగా ఒక రాయి నెత్తిన పెట్టుకుని మోస్తోంది. దింపడం పోయి, బాగా మోస్తున్నావు తల్లీ అని ఇంకోటి పెట్టి పంపించారు."

"చెబుతాలే."

"మీరు చెబుతారు! అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోమని నేను గుర్తు చేయాలి మీకు."

ఆమె లోపలికి వెళ్ళి గిన్నెలు అవసరమైనదానికంటే గట్టిగా తోమింది. మాస్టారు బల్ల ముందు కూలబడ్డారు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. అంత వయసొచ్చాక అసహ్యం వేస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు.

మొదట కంప్యూటరులో పెట్టి చూశారు. "ఇది ఖాళీ డిస్కు. ఏం రాయమంటారు?" అని అడిగిందది. పొరపాటున సరే అని నొక్కితే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మాస్టారు గబుక్కున వైరు పీకేశారు. తుక్కు దుకాణాలన్నీ తిరిగారు. తన పాత యంత్రంలాంటిది ఒకటి దొరికింది గానీ, దాని కన్ను, అంటే డిస్కును చదివే లేజరు, ఎప్పుడో పోయింది.

ఇక మిగిలింది ఒకే దారి. ప్లేయరును మోసం చేయాలి. పై రేకు విప్పేసిన పాత కంప్యూటరు డ్రైవులో, నిండా పాటలుండి సక్రమంగా మూసిన డిస్కు ఒకటి పెట్టాలి. డ్రైవు దాని పట్టిక చదువుకుని, సరే, ఇందులో డెబ్బై నిమిషాల సరుకుందని మనసులో పెట్టుకుని, తిరగడం ఆపుతుంది. అప్పుడు తెరిచే బొత్తాం నొక్కకుండా, డిస్కును పైనుంచి అదిమిపట్టే అయస్కాంతపు బిళ్ళను చేత్తో ఎత్తి, దానికి తెలియకుండా ఆ డిస్కు తీసి ఈ డిస్కు పెట్టాలి. తన దగ్గరున్నది పాతదే అనుకుని అది చదవడం మొదలుపెడుతుంది. మాస్టారికి ఈ విద్య బాగానే పట్టుబడింది. ఆ వారంలో చేసిన మోసాల్లో ఇది రెండోది కదా.

పట్టుబడటానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు బిళ్ళ సరిగ్గా కూర్చోక డిస్కు ఎగిరి రేకుకు గీసుకుంది. వెంట్రుకంత గీత పడింది. ఆయన దాన్ని చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. భార్య వచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని, టార్చి పట్టుకుంది. రెండో రోజూ మూడో రోజూ డ్రైవు మోసం పసిగట్టి మొండికేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం, అతి నెమ్మదిగా తిప్పుతుండగా, స్పీకర్లో ఇసుక రాలినట్టు చప్పుడై, ఆ వెనకాలే ఒక గొంతు పలికింది.

"మాస్టారూ, మొదలెట్టమంటారా?"

భార్య చేతిలో టార్చి జారిపోయింది.

ముప్పై ఒక్క నిమిషాలు. అంతా కంప్యూటరులోకి ఎక్కింది. గీత పడిన చోట రెండు మాటలు పోయాయి, మిగతాదంతా ఉంది. ఆమె పెద్ద పెద్ద మాటలేమీ చెప్పలేదు. సగంసేపు కూతుర్ని పిలిచింది, అంతే. పిలవడమే కదా ఆమెకు చేతనైన పని. "బుజ్జులూ, ఇది నిద్ర లేపే పిలుపు. లేవవే, తెల్లారి ఎంతసేపైంది. ఇది వీధి చివర్నించి పిలిచేది, బుజ్జులూ! ఎక్కడున్నా వినపడాలి నీకు. ఇది కోపమొస్తే. ఇదిగో, ఇది మాత్రం ఊరికే, పనేం లేకుండా." ప్రతి పిలుపు చివరా కొస కాస్త పైకి లేచేది. తర్వాత జడ ఎలా వేసుకోవాలో చెప్పింది, చెప్పులు తిరగేసి తొడుక్కుంటున్నందుకు తిట్టింది, ఎందుకో నవ్వింది. ఆ నవ్వు దగ్గర మాస్టారు తల దించేసుకున్నారు.

చివరికొచ్చేసరికి ఇలా ఉంది.

"అయిపోయింది మాస్టారూ. ఇంక మూసేయండి. రేపట్నించి చేర్చడానికి నా దగ్గర ఏముంటుంది గనక."

"సరేనమ్మా. మూసేస్తాను," అన్నారు మాస్టారు, పన్నెండేళ్ళ కిందటి గొంతుతో.

కుర్చీ జరిగిన చప్పుడు. తలుపు చప్పుడు; డిస్కు చేతికొచ్చేదాకా ఆమె బయట కూర్చోవడానికి వెళ్ళింది. రికార్డింగ్ మాత్రం ఆగలేదు. భార్య గొంతు వినిపించింది. "మూసేయండి మరి. అడిగింది కదా."

"మూస్తే ఇంతే సంగతులు అన్నట్టు ఉంటుందే. గొంతు మిగిలితే? తిరిగొచ్చి ఇంకో నాలుగు మాటలు చెబితే? ఉండనీ."

"కనీసం ఆవిడకి చెప్పండి, మూయలేదని."

"రేపు చెబుతాలే."

అక్కడ ఆగిపోయింది. ఇదంతా ఆయన శుభ్రంగా మరిచిపోయారు. చేసిన తప్పు గుర్తుంది గానీ, దాన్ని దయ అనుకుని చేశారన్నది గుర్తు లేదు. అది తెలిసి మనసు తేలిక పడలేదు సరికదా, ఇంకా బరువెక్కింది. అవతలి మనిషి గుండె రాయి చేసుకుని నోరు తెరిచి అడిగింది. ఆవిడకు లేని ఆశ ఈయనకెందుకు? ఆశపడింది ఆయన, అనుభవించింది ఆవిడ.

కింద పడిన టార్చి తీసుకుంటూ భార్య అంది. "అప్పట్లో నా గొంతు సన్నగా ఉండేదండీ." ఆ వెంటనే, "ఆ చివరి ముక్క కోసేయండి. ఆవిడకు కావలసింది ఆవిడ గొంతు. మన గోల ఎందుకు అందులో?" అంది.

మొదటి రోజు అంత కడిగేసిన మనిషే ఇప్పుడిలా అంటోంది. భర్త పరువు నిజంగా పోయే చోటికి వచ్చేసరికి ఆమెకూ భయమేసింది. మాస్టారు మౌసు మీద చెయ్యి పెట్టారు. రెండు నొక్కులు చాలు, ఆ నిమిషం లోకంలో లేకుండా పోతుంది.

"కోస్తే ఆ కిటికీ నింద ఆవిడ మీదే ఉండిపోతుందే," అన్నారు.

కోయలేదు. అయితే ఇందులో మరీ గొప్పతనం చూడక్కర్లేదు. నోటితో చెప్పే ధైర్యం లేక, రికార్డింగే చెబుతుందిలే అని వదిలేశారు.

మర్నాడు కబురందుకుని పిలుపులమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లికంటే బెత్తెడు పొడుగు, భుజాన బడి సంచి, కొత్తచోట బిడియపడే ముఖం. మాస్టారు "రామ్మా" అంటే తల ఊపింది తప్ప నోరు విప్పలేదు. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. ఇంట్లో పలక వాడరు. తల్లి పెదవులు కదిపితే చాలు, పిల్ల చదివేసుకుంటుంది.

హెడ్‌ఫోన్లు ముందు పిల్లకు పెట్టమని తల్లి సైగ చేసింది. ఎదురు కుర్చీలో, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కూతురి ముఖమే చూస్తూ కూర్చుంది. తన గొంతు ఎలా ఉందో ఆ ముఖంలోనే చూసుకోవాలని వచ్చినట్టుంది. మాస్టారు మీట నొక్కారు.

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. కాసేపటికి పెదవి వణికింది. ఒకచోట ఫక్కున నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెప్పుల తిట్లు అక్కడే అయ్యుంటాయి. కన్నీళ్ళు చెంపల మీదికి వచ్చినా తుడుచుకోలేదు. తల్లి ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖం చూడలేక మాస్టారు గోడ మీది అట్టలు లెక్కపెట్టారు. ముప్పై నిమిషాలు. ముప్పై ఒకటి.

పిల్ల కనుబొమలు ముడిపడ్డాయి. తలెత్తి మాస్టారి వైపు చూసింది, కంబళి దగ్గర నిలబడ్డ ఆయన భార్య వైపు చూసింది. హెడ్‌ఫోన్లు తీసి, ఏమీ అనకుండా, తల్లి చెవులకు పెట్టింది. మాస్టారు చివరి రెండు నిమిషాలు వెనక్కి తిప్పారు.

తల్లి విన్నది. తన గొంతు తగలగానే కళ్ళు మూసుకుంది. అది అయిపోయాక తెరిచింది. ఇంకా వింటూనే ఉంది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, లేచి నిలబడింది.

పలక కోసం చూడలేదు. మాస్టారికి ఎదురుగా వచ్చి, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. పెదవులు గబగబా కదులుతున్నాయి, ముఖం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి. రుమాలు కిందినుంచి బుసబుసమని గాలి తప్ప ఏమీ రావడం లేదు. మాస్టారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎంత కోపమో అర్థమైంది.

"ఏమంటున్నారమ్మా?" అన్నారు పిల్ల వైపు తిరిగి, బిక్కచచ్చిపోయి.

పిల్ల తల్లి పెదవుల వైపే చూస్తూ చెప్పింది. "కిటికీ వల్ల కాదా, అంటోంది. ఎండ వల్ల కాదా, అంటోంది." తల్లి ఆగడం లేదు. అంత వేగంలో 'అంటోంది' అనడానికి తీరిక దొరకలేదు. పిల్ల తల్లి మాటలనే ఉన్నవున్నట్టు అనేయసాగింది. "తొమ్మిదేళ్ళు నా బిడ్డకి నా గొంతు లేకుండా చేసింది నేనేనని ఏడ్చాను. మొన్న మీ ఎదురుగానే కూర్చుని ఏడ్చాను. చూస్తూ ఊరుకున్నారు. ఎందుకు చెప్పలేదు మాస్టారూ?"

నిన్నటినుంచి మాస్టారి చెవుల్లో మోగుతున్న గొంతు అదే. అదే బరువు, అదే జీర, "మాస్టారూ" అన్నప్పుడు చివర కాస్త పైకి లేచే అదే కొస. ఎదురుగా తల్లి పెదవులు కదులుతున్నాయి, ఆమె గొంతే వినిపిస్తోంది.

అది పిల్లకీ వినిపించింది. మాట మధ్యలో ఆగిపోయింది. హెడ్‌ఫోన్ల వైపు చూసింది, చెయ్యెత్తి తన గొంతు తడుముకుంది, తల్లి వైపు తిరిగింది. తల్లి ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆమెకు ఆ సంగతి ఎప్పటినుంచో తెలిసినట్టుంది. కూతురి భుజం మీద చెయ్యి వేసి, మాస్టారి వైపు గడ్డం ఎత్తి, అడుగు అన్నట్టు ఒక్కసారి నొక్కింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది పిల్ల.

"భయమేసిందమ్మా," అన్నారు మాస్టారు. "పరువు పోతుందని భయమేసింది." ఆ మాట ఇద్దరిలో ఎవరి కళ్ళలోకి చూసి చెప్పాలో ఆయనకు తెలియలేదు.